రక్షణ మంత్రి గారు, మన వేదిక, కొన్ని వాట్సాప్ సందేశాలు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ముందు మామూలు సంగతులు: వచ్చే ఆదివారం బడి ఉంది, ఆ పై వారం సెలవు, పుస్తకాల డబ్బు ఇంకా కట్టనివారు దయచేసి కట్టండి, మీ పిల్లలు మరిచిపోయిన మూడు స్టీలు డబ్బాలూ ఒక ఎడమకాలి చెప్పూ నా దగ్గర ఉన్నాయి.

ఇక వార్షికోత్సవం. ఆ రాత్రి నుంచి నాకు వస్తున్న సందేశాలన్నింటి సారం ఒకటే: 'నాకు నచ్చిన మహనీయుడు' అన్న అంశానికి తెలుగు బడి వేదిక మీద బేస్‌బాల్ ఆటగాడి గురించి ఎలా మాట్లాడనిచ్చారు? నేనే మాట్లాడమన్నాను.

ఆ ఆటగాడు గ్యారీ మ్యాడక్స్. 1975లో మన ఊరి బేస్‌బాల్ జట్టు ఫిల్లీస్‌లోకి వచ్చాడు. మైదానం వెనక మధ్యభాగమైన సెంటర్ ఫీల్డ్‌లో ఆడుతూ, బంతిని ఆపడంలో మేటి ఆటగాళ్ళకిచ్చే గోల్డ్ గ్లవ్ బహుమతిని ఆ ఏడాది నుంచి 1982 దాకా వరుసగా ఎనిమిదిసార్లు తెచ్చుకున్నాడు. మన ఫిలడెల్ఫియా అతన్ని 'రక్షణ మంత్రి' అని పిలుచుకుంది. భూమి మీద మూడింట రెండు వంతులు నీళ్ళు, మిగిలిన వంతుకు మ్యాడక్స్ కాపలా అని ఒక చమత్కారం కూడా ఉంది. ఆ రోజు ప్రసంగించిన మా ఆరో తరగతి అమ్మాయి ఇదంతా రెండు వాక్యాల్లో తేల్చేసి, 1978 అక్టోబరు దగ్గర ఆగింది. అంతిమ పోటీ అయిన వరల్డ్ సిరీస్‌కు ఎవరు వెళ్ళాలో తేల్చే పోరు; లాస్ ఏంజెలెస్‌లో ఆ ఊరి జట్టు డాడ్జర్స్‌తో నాలుగో ఆట, మామూలు తొమ్మిదీ దాటి పదో ఇన్నింగ్స్, అప్పటికి ఇద్దరు అవుట్, ఇంకొకరు అవుటైతే డాడ్జర్స్ వంతు ముగుస్తుంది. డస్టీ బేకర్ కొట్టిన బంతి సూటిగా మ్యాడక్స్ వైపే వచ్చింది. అమ్మాయి నాలుగడుగులు ముందుకు పరుగెత్తి, వంగి, ఎడమ అరచెయ్యి చాచి, ఉన్నట్టుండి వేళ్ళు విప్పేసింది. "జారిపోయింది" అంది. హాలంతా నిశ్శబ్దం. తరువాతి బ్యాటర్ దెబ్బతో డాడ్జర్స్ గెలిచారు, ఫిల్లీస్ ఇంటిదారి పట్టారు. రెండేళ్ళకు అదే పోరులో హ్యూస్టన్‌లో మళ్ళీ పదో ఇన్నింగ్స్ వచ్చింది. గెలిపించిన దెబ్బా మ్యాడక్స్‌దే, ఆఖరి క్యాచ్ కూడా అతనిదే. ఆ 1980లోనే ఫిల్లీస్ మొట్టమొదటిసారి వరల్డ్ సిరీస్ గెలిచారు. అతను వియత్నాం యుద్ధానికి వెళ్ళివచ్చిన సైనికుడనీ, ఆట మానేశాక ఈ ఊరి పిల్లల చదువుల కోసం పాటుపడ్డాడనీ చెప్పి దిగిపోయింది. మహనీయుడు కావడానికి ఇంకేం కావాలో నాకు తెలియదు.

అసలు నా బాధ వేరు. మన పిల్లలకు తెలుగంటే నీతిపద్యం, పిండివంట, పండుగ. ఆ మూడూ అయిపోగానే ఇంగ్లిష్‌లోకి దూకుతారు, ఎందుకంటే వాళ్ళు నిజంగా ప్రేమించే విషయాలు తెలుగులో మాట్లాడవచ్చని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. మ్యాడక్స్‌లా మైదానం వెనక భాగాన్ని కాసే అవుట్‌ఫీల్డర్‌ను తెలుగులో ఏమంటారని ఈ అమ్మాయి నన్ను అడిగింది. నాకూ తోచలేదు. మరుసటి వారం తనే వచ్చి "పొలిమేర కాపరి అనవచ్చా టీచర్?" అంది. ఇరవై ఏళ్ళుగా తెలుగు చెబుతున్నాను, ఆ మాట నాకు తట్టలేదు! ఆ ఒక్క మాట కోసం నేను వంద కంఠస్థ ప్రసంగాలను వదులుకుంటాను. నిజానికి ఆ రోజు వచ్చిన ప్రసంగాల్లో తొమ్మిది ఇంగ్లిష్ అక్షరాలలో రాసిచ్చిన తెలుగే. ఆ చేతిరాత పిల్లలది కాదని గుర్తుపట్టే పాటి కళ్ళు నాకు ఇంకా ఉన్నాయి. మీరు పడ్డ శ్రమకు కృతజ్ఞతలు. వచ్చే ఏడు ఆ శ్రమ పిల్లలకే వదిలేయండి.

మరొక మాట, కొంచెం కష్టంగానే చెబుతున్నాను. నాలుగో తరగతి బాబు పద్యం మూడో పాదంలో ఆగిపోయాడు. చొక్కా చివరి గుండీ తిప్పుతూ వెతుక్కుంటున్నాడు, ఇంకొక్క క్షణం ఆగితే దొరికేదే. ఈలోగా మూడో వరుసలోంచి ఒకరు గట్టిగా అందించారు, వెనక నుంచి ఇంకొకరు వేరే పద్యం అందించారు. బాబు మెట్లు దిగేలోపే ఆ వీడియో నవ్వే బొమ్మలతో మన వాట్సాప్ బృందంలోకి వచ్చేసింది. అందరూ సరదాకే చేశారని నాకు తెలుసు. ఈ రాత్రికి దాన్ని తీసేస్తారని కూడా నమ్ముతున్నాను.

ఆ బాబు వచ్చే ఆదివారం ప్రార్థన కాగానే పద్యం మళ్ళీ చెబుతానని తనంతట తనే అడిగాడు. సరిగ్గా పదింటికి మొదలుపెడతాం, పదిన్నరకు కాదు. ఫోన్లు కార్లలో వదిలి రండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు