బావా, ఆ ఒక్క పేజీ చూశాకే డబ్బు పెట్టు

కుషాయిగూడ, హైదరాబాద్
ఆదివారం మధ్యాహ్నం

బావా,

నువ్వు షేర్లు కొందామనుకుంటున్న కంపెనీ వార్షిక రిపోర్టు అని శుక్రవారం రాత్రి పంపిన ఫొటోలన్నీ చూశాను. వెంటనే ఫోన్ చేద్దామనుకున్నా గానీ, ఇది ఫోన్లో తేలే విషయం కాదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. చెల్లెమ్మకి కూడా చదివి వినిపించు. కాలవ గట్టు చేను అమ్మిన డబ్బు అది, ఇద్దరూ కలిసి ఆలోచించుకోవాల్సిందే.

నువ్వు పంపినవి ఏంటి? చైర్మన్ గారి సందేశం, అయిదేళ్ళ అమ్మకాల గ్రాఫు, లాభనష్టాల పేజీ. అమ్మకాలు ఏటికేడు పెరిగాయి, లాభమూ పెరిగింది, ఇంకేం కావాలి అని కింద రాశావు. నాకు కావాల్సిన పేజీ అందులో లేదు బావా. రిపోర్టు చివర్లో, చిన్న అక్షరాల నోట్సులో, సెగ్మెంట్ సమాచారం అని ఒక పట్టిక ఉంటుంది. కంపెనీ చేసే ఒక్కో వ్యాపారం విడివిడిగా ఎంత అమ్మింది, ఎంత మిగిల్చింది, దాని మీద ఎంత పెట్టుబడి కూర్చుని ఉంది అన్నది అక్కడ తెలుస్తుంది. ఆఫీసులో ఏం చేస్తావురా అని ఎప్పుడూ అడుగుతుంటావు కదా, ఇన్నేళ్ళుగా నేను చేస్తున్నది ఆ పట్టిక తయారుచేయడమే.

నీకు బాగా తెలిసిన కంపెనీతో మొదలుపెడతా. టీడీకే. మీ మేడ మీద గదిలో, నాన్నగారి టేప్ రికార్డర్ పక్కన అట్టపెట్టె నిండా ఉండేవి ఆ క్యాసెట్లు. పాటల చీటీ రాసి షాపులో ఇస్తే మూడు రోజులకి నింపి ఇచ్చేవాడు. టేపు వదులైతే చక్రంలో పెన్సిల్ దూర్చి మెల్లగా తిప్పేవాడివి, నన్ను ముట్టుకోనిచ్చేవాడివి కాదు. ఇప్పుడు చెప్పు, ఆ కంపెనీ ఈ రోజు ఏం అమ్మి బతుకుతోంది?

అసలు అది క్యాసెట్ల కోసం పుట్టిన కంపెనీ కాదు. ఫెరైట్ అనే అయస్కాంత పదార్థాన్ని టోక్యోలో కాటో, టకేయి అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కనిపెడితే, దాన్ని సరుకుగా చేసి అమ్మడానికి 1935లో పెట్టారు. పాత రేడియో వెనక మూత తీస్తే సన్నటి తీగ చుట్టిన నల్లటి కడ్డీ కనిపించేది చూడు, అది ఫెరైటే. క్యాసెట్లు 1966లో మొదలయ్యాయి. 2007లో క్యాసెట్లూ సీడీల వ్యాపారాన్ని ఇమేషన్ అనే అమెరికా కంపెనీకి అమ్మేసి చేతులు దులుపుకున్నారు. మనకి తెలిసిన టీడీకే అక్కడితో అయిపోయింది.

ఇప్పుడు దాని సెగ్మెంట్ పేజీ తెరువు. ఒకటి పాసివ్ కాంపొనెంట్స్, అంటే సర్క్యూట్ బోర్డుల మీద ఉండే కెపాసిటర్లు, కాయిల్స్ లాంటి చిన్న చిన్న విడిభాగాలు. రెండోది సెన్సర్లు. మూడోది అయస్కాంతాలకి సంబంధించినది, కంప్యూటర్ హార్డ్ డిస్కులో చదివే హెడ్లు ఇందులోకే వస్తాయి. నాలుగోది ఎనర్జీ. మిగిలినవన్నీ కలిపి ‘ఇతరాలు’. 2024 మార్చితో ముగిసిన సంవత్సరంలో మొత్తం అమ్మకాలు సుమారు 2 లక్షల 10 వేల కోట్ల యెన్లు. అందులో సగానికి పైగా ఒక్క ఎనర్జీదే! ఎనర్జీ అంటే ముఖ్యంగా రీఛార్జ్ బ్యాటరీలు. 2005లో హాంకాంగ్‌లో ఏటీఎల్ అనే లిథియం బ్యాటరీల కంపెనీని కొన్నారు, అదే ఈ రోజు ఇంటి పెద్దకొడుకై సంసారాన్ని మోస్తోంది. అదే ఏడాది హార్డ్ డిస్కు హెడ్ల సెగ్మెంట్ నష్టంలో ఉంది, అంతకుముందు ఏడాదీ నష్టమే. మొత్తం అంకె ఒక్కటే చూసినవాడికి ఈ రెండూ కనపడవు. వాడు విడిభాగాల కంపెనీలో డబ్బు పెట్టాననుకుంటాడు. నిజానికి సగం డబ్బు బ్యాటరీల కంపెనీలో పెట్టాడు.

ఇంకో సంగతి కూడా ఉంది, నాకు చాలా ఇష్టమైనది. ఆ బ్యాటరీల సెగ్మెంట్‌కి మొదట్లో ‘ఫిల్మ్’ అనే పేరు ఉండేది. పల్చటి రేకు మీద సమంగా పూత పూయడం ఆ పనికి ప్రాణం. క్యాసెట్ టేపు చేయడం అంటే అదే, ప్లాస్టిక్ రిబ్బను మీద అయస్కాంతపు పొడి పూత. బ్యాటరీలో రాగి రేకు మీదా అల్యూమినియం రేకు మీదా పూస్తారు. క్యాసెట్లు పోయాయి గానీ పూత పని పోలేదు. ఆ తర్వాత పవర్ సప్లై యూనిట్లని అయస్కాంతాల సెగ్మెంట్ నుంచి తీసి ఇందులో కలిపారు, పేరు ఎనర్జీ అయింది. ఇలా మార్చినప్పుడు పాత ఏడాది అంకెల్ని కూడా కొత్త వరసలోకి మార్చి చూపించాలని నియమం. అలా చూపించకపోతే, ఒక సెగ్మెంట్ నిజంగా పెరిగిందో, పక్క గది సామాను తెచ్చి పెడితే నిండుగా కనిపిస్తోందో ఎవరికీ తెలియదు.

ఆ నియమం గురించే నీకు గట్టిగా చెప్పాలని ఉంది. మన దేశంలో దాని పేరు ఇండ్ ఏఎస్ 108, ఇండ్ ఏఎస్ అంటే కంపెనీలు లెక్కలు రాయాల్సిన నియమాల వరస. బయటి దేశాల్లో ఐఎఫ్ఆర్ఎస్ 8 అంటారు, 2009 నుంచి అమల్లో ఉంది. దానికి మూలం అమెరికావాళ్ళు 1997లో తెచ్చిన పద్ధతి. ఇండ్ ఏఎస్‌కి మారకముందు మనకి ఏఎస్ 17 అనే పాత నియమం ఉండేది. ఏ వ్యాపారానికి ఎంత రిస్కు, ఎంత రాబడి అని లెక్కలవాళ్ళు కూర్చుని విడగొట్టేవాళ్ళు. కొత్త నియమం అడిగేది ఒకే ప్రశ్న. కంపెనీని నడిపే పెద్దమనిషి నెలనెలా ఏ కాగితం చూసి, ఈ డివిజనుకి డబ్బు ఇద్దాం, ఆ డివిజనుకి ఆపేద్దాం అని నిర్ణయిస్తాడు? ఆ కాగితంలో వ్యాపారం ఎలా విడిపోయి ఉందో బయటివాళ్ళకీ అలాగే చూపించు. అంతే. పెద్దమనిషి కంటికి కనిపించేది నీలాంటి వాటాదారుడి కంటికీ కనిపించాలి. మా లెక్కల చట్టాల్లో ఇంత న్యాయమైన మాట నేను ఇంకోటి చూడలేదు.

ఎందుకింతగా చెబుతున్నానంటే, మునుపు పనిచేసిన కంపెనీలో జరిగింది నీకెప్పుడూ చెప్పలేదు. అక్కడ కెపాసిటర్లు, కాయిల్స్, రిలేలు, మూడు డివిజన్లు ఉండేవి. రిపోర్టులో మాత్రం ఏటా ఒకటే వాక్యం: కంపెనీది ఎలక్ట్రానిక్ విడిభాగాలు అనే ఒకే వ్యాపారం, కాబట్టి సెగ్మెంట్ వివరాలు వర్తించవు. ప్రతి నెలా ఏడో తారీఖున ఎండీ గారి టేబుల్ మీద పెట్టే షీటు నేనే తయారుచేసేవాణ్ణి. అందులో మూడు కాలమ్స్. రిలేల కాలమ్ అయిదు క్వార్టర్లుగా బ్రాకెట్లలోనే ఉంది, అంటే నష్టం. ఆయన దాని చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టి, ఏమీ రాయకుండా షీటు వెనక్కి పంపేవారు. నెల తర్వాత నెల అదే సున్నా.

ఒక ఏడాది మార్చిలో రిలే లైను మూసేశారు. తీగ చుట్టే వైండింగ్ మిషన్ మీద పద్నాలుగేళ్ళు పనిచేసిన ఒకావిడ నా టేబుల్ దగ్గరికి వచ్చింది. వేళ్ళ చివర్లు రాగి తీగ కోసుకుని గట్టిపడిపోయి ఉన్నాయి. “మొన్న దసరాకి కంపెనీ లాభాల్లో ఉందని నోటీసు బోర్డులో పెట్టారు కదా సార్, అది చూసే ఇంటి లోను తీసుకున్నాం” అంది. నేను ఏం చెప్పను బావా? నోటీసు అబద్ధం కాదు. కంపెనీ మొత్తం మీద లాభంలోనే ఉంది. ఆమె కూర్చున్న కుర్చీ మాత్రం నష్టంలో ఉంది, ఆ సంగతి చెప్పే కాగితం నా డ్రాయర్లో ఉంది.

ఆ తర్వాతి ఏడాదే మేం ఇండ్ ఏఎస్‌కి మారాం. ఆడిట్‌కి వచ్చిన అమ్మాయి, పాతికేళ్ళు కూడా ఉండవు, మొదటి రోజే అడిగింది: “మీ ఎండీ గారు నెలనెలా చూసే షీటు ఒకసారి చూపిస్తారా?” ఇవ్వొద్దని నాకు ఎవరూ చెప్పలేదు, ఇవ్వమనీ చెప్పలేదు. పన్నెండు నెలల షీట్లూ తీసి ఇచ్చాను. ఆ ఏడు రిపోర్టులో మొదటిసారి విడివిడిగా అంకెలు పడ్డాయి.

అలాగని ఆ పట్టికలో ఉన్నదంతా కళ్ళు మూసుకుని నమ్మొద్దు. దాన్ని చదవడంలో కిటుకులు ఉన్నాయి. మా పనిలో అన్నిటికన్నా ఎక్కువ తలనొప్పి ట్రాన్స్‌ఫర్ ప్రైస్, అంటే ఒక డివిజన్ సరుకుని అదే కంపెనీలోని ఇంకో డివిజన్‌కి ఇచ్చినప్పుడు కట్టే ధర. మాట వరసకి, ఒక డివిజన్ ఫెరైట్ కోర్ చేస్తుంది, దానికి 4 రూపాయలు ఖర్చు. పక్క షెడ్డులోని కాయిల్ డివిజన్ దాన్ని తీసుకుని, ఇంకో 5 రూపాయల తీగా కూలీ కలిపి, బయట 12కి అమ్ముతుంది. మొత్తం మీద లాభం 3 రూపాయలు. కోర్‌ని 5కి ఇచ్చినట్టు రాస్తే కోర్ వాళ్ళకి 1, కాయిల్ వాళ్ళకి 2. అదే 7కి ఇచ్చినట్టు రాస్తే మూడు రూపాయలూ కోర్ వాళ్ళవే, కాయిల్ వాళ్ళకి సున్నా. షెడ్డులో ఏమీ మారలేదు, అదే మిషను, అదే మనుషులు. నా షీటులో ఒక గడి మారింది. అందుకే లోపలి అమ్మకాల ధర ఏ లెక్కన కట్టారో నోట్‌లో రాయాలి. ఆ వాక్యాన్ని రెండుసార్లు చదువు.

రెండోది ఉమ్మడి ఖర్చులు. జనరేటర్ డీజిలు, క్యాంటీను, పరిశోధన విభాగం, హెడ్డాఫీసు జీతాలు ఎవరి ఖాతాలో వేయాలి? కొన్ని కంపెనీలు పంచుతాయి, కొన్ని ఎవరికీ పంచకుండా ‘అన్‌అలోకేటెడ్’ అని చివర్లో ఒక వరస పెడతాయి. సెగ్మెంట్లన్నీ లాభంతో కళకళలాడుతూ, చివరి వరసలో పెద్ద మైనస్ ఉంటే, ఆ కళ నిజం కాదు. ఇంకొకటి, సెగ్మెంట్ లాభం అనే మాటకి అన్ని కంపెనీల్లో ఒకే అర్థం ఉండదు. పెద్దమనిషి వాడే కొలతే చూపించమన్నారు కాబట్టి ఎవరి కొలత వాళ్ళది. రెండు కంపెనీల అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చకు.

బాగా విడగొట్టి చూపించేవాళ్ళు కూడా ఉన్నారు. అమెరికాలో విషే అని ఒక కంపెనీ ఉంది. నాజీల చేతికి చిక్కకుండా దాక్కుని బతికి బయటపడ్డ ఫెలిక్స్ జాండ్‌మన్ అనే ఆయన 1962లో పెట్టాడు. ఆ మారణకాండలో పోయిన తనవాళ్ళ గుర్తుగా లిథువేనియాలో వాళ్ళ ఊరి పేరే కంపెనీకి పెట్టుకున్నాడు. వాళ్ళు రెసిస్టర్లు వేరు, ఇండక్టర్లు వేరు, కెపాసిటర్లు వేరు, డయోడ్లు, మాస్‌ఫెట్లు, ఆప్టో విడిభాగాలు వేరు అని ఆరు సెగ్మెంట్లు చూపిస్తారు. అది చదువుతుంటే షెడ్డు షెడ్డుకీ మనల్ని చెయ్యి పట్టుకుని తిప్పినట్టు ఉంటుంది.

ఇక నువ్వు పంపిన కంపెనీ సంగతి. వెబ్‌సైట్లో చూస్తే కనెక్టర్లు చేస్తారు, ఎల్ఈడీ బోర్డులు చేస్తారు, ఫోన్ ఛార్జర్లు కూడా చేస్తారు. రిపోర్టు మొత్తం దింపుకుని రాత్రి చదివాను. ‘ఒకే సెగ్మెంట్’ అని రాశారు. మూడు ఫ్యాక్టరీలకి ముగ్గురు హెడ్లు ఉన్నారని వాళ్ళ రిపోర్టులోనే ఉంది. అమ్మకాల్లోగానీ, లాభనష్టాల్లోగానీ, ఆస్తుల్లోగానీ 10 శాతం దాటితే ఆ సెగ్మెంట్‌ని విడిగా చూపించాలి. చూపించినవన్నీ కలిపి బయటి అమ్మకాల్లో కనీసం 75 శాతం ఉండాలి. ఒకే సెగ్మెంట్ అనడం తప్పని నేను అనట్లేదు, పెద్దమనిషి నిజంగానే మొత్తాన్ని కలిపే చూస్తూ ఉండొచ్చు. అయినా అడగాలి. ఒకే సెగ్మెంట్ అన్నవాళ్ళు కూడా ఏ సరుకు ఎంత అమ్మారో, ఏ దేశంలో ఎంత అమ్మారో చెప్పాల్సిందే. 10 శాతం దాటి కొనే కస్టమర్ ఉంటే పేరు చెప్పకపోయినా, ఉన్నాడని మాత్రం చెప్పాలి. వీళ్ళ నోట్ చివర్లో ఒక్క కస్టమర్ దగ్గరే దాదాపు సగం అమ్మకాలు ఉన్నాయి! అది చూసి నాకు నిద్ర పట్టలేదు. ఆ ఒక్కడు వేరే ఊళ్ళో వేరే సప్లయర్‌ని చూసుకుంటే నీ చేను డబ్బు ఏమవుతుంది?

వాళ్ళ వార్షిక సమావేశం వచ్చే నెల ఆన్‌లైన్లో ఉంది. పది షేర్లు కొను, ఎక్కువ వద్దు. వాటాదారుడిగా పేరు నమోదు చేసుకుంటే ప్రశ్న అడిగే హక్కు వస్తుంది. ఛార్జర్ల డివిజన్ విడిగా లాభంలో ఉందా, ఎండీ గారికి నెలనెలా వెళ్ళే షీటులో ఎన్ని కాలమ్స్ ఉంటాయి, ఇదే అడుగు. ప్రశ్న నేను రాసి పంపుతా, నువ్వు చదివితే చాలు. వాళ్ళు ఏం జవాబు చెబుతారో విని, మిగతా డబ్బు సంగతి అప్పుడు మాట్లాడుకుందాం. అప్పటిదాకా ఆ డబ్బు బ్యాంకులోనే ఉండనీ. ఏజెంట్ ఎంత తొందరపెట్టినా సంతకం పెట్టకు.

నేను రెండో శనివారం తెనాలి వస్తున్నా. పిల్లలకి పరీక్షలు, నేనొక్కణ్ణే వస్తా. రాత్రికి మీ మేడ మీదే పడుకుంటా. ఆ అట్టపెట్టె ఇంకా ఉంటే కిందకి దించి దుమ్ము దులిపి పెట్టు, టేప్ రికార్డర్ పనిచేయకపోయినా పర్లేదు. అమ్మకి నా నమస్కారాలు చెప్పు.

నీ
బావ