పేరు కొట్టగానే పాత కేసు

సంపాదకులకు నమస్కారం.

మా బంధువుల అబ్బాయి మీద పెట్టిన కేసును కోర్టు ఎప్పుడో కొట్టేసింది, కానీ ఇప్పటికీ నెట్‌లో అతని పేరు కొడితే ముందు వచ్చేది అరెస్టు వార్తే, కొట్టేసిన సంగతి ఎంత వెతికినా కనిపించదు. పెళ్లి సంబంధం వచ్చిన ప్రతిసారీ ఇంటిల్లిపాదికీ టెన్షన్.

2014 మే 13న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం గూగుల్ కేసులో ఒక మాట స్పష్టంగా చెప్పింది. అసలు పేజీ చట్టప్రకారమే ఉన్నా సరే, మనిషి పేరుతో వెతికినప్పుడు కాలం చెల్లిన సమాచారానికి లింకు చూపించొద్దని అడిగే హక్కు ఆ మనిషికి ఉంటుందని. మన సుప్రీంకోర్టు కూడా 2017లో పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కేనంది, 2023లో వ్యక్తిగత డేటా చట్టమూ వచ్చింది. అయినా జనం ఇంకా హైకోర్టు మెట్లెక్కుతూనే ఉన్నారు, అంత స్తోమత ఎందరికి ఉంటుంది?

అలాగని పాత పేజీలన్నీ చెరిపేయమనడం లేదు. 1996లో మొదలైన ఇంటర్నెట్ ఆర్కైవ్ దాచకపోతే ఎన్నో సైట్లు ఆనవాలు లేకుండా పోయేవి, అచ్చులో దొరకని తెలుగు పుస్తకాలు నేను చదివింది కూడా అక్కడే. దాచడం వేరు, పేరు కొట్టగానే తెచ్చి ముందు పెట్టడం వేరు.

తీర్పు కాపీ జతచేసి అడిగితే ఇన్ని రోజుల్లో లింకు తీసేయాలని ప్రభుత్వం గడువు పెట్టాలి. మీకూ ఒక మనవి, మీ వెబ్‌సైట్లో పాత అరెస్టు వార్తల కింద కేసు కొట్టేశారని ఒక్క లైను చేర్చండి.

– ఒక పాఠకురాలు, ఖమ్మం