లైనక్స్ ఫ్రీ కదా, మరి బిల్లెందుకు? మా కస్టమర్లకు ఒక వివరణ

ఈ మధ్య మా షాపుకి వచ్చేవాళ్లలో చాలామంది అడుగుతున్న మాట ఇది: "లైనక్స్ ఫ్రీ అంటారు కదండీ, మరి మీరు బిల్లెందుకు వేస్తున్నారు?" అడగాల్సిన ప్రశ్నే. (లైనక్స్ అంటే విండోస్ లాగే కంప్యూటర్‌ని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్.) కౌంటర్ దగ్గర నిలబడి రెండు ముక్కల్లో చెబితే మాట దాటేసినట్టు ఉంటుంది. పైగా వచ్చే నెల నుంచి మా దగ్గర కొన్ని పద్ధతులు మారుతున్నాయి. అందుకే అన్నీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందు మారుతున్న సంగతి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలుగా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11 వేయాలంటే సిస్టమ్‌లో టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, ప్రాసెసర్ మైక్రోసాఫ్ట్ ఇచ్చిన జాబితాలో ఉండాలి. ఇంటెల్ అయితే ఆ జాబితా దాదాపుగా ఎనిమిదో జనరేషన్ దగ్గర మొదలవుతుంది. మన విశాఖలో పూర్ణా మార్కెట్, కురుపాం మార్కెట్, గాజువాక వైపు మేం చూసే బిల్లింగ్ సిస్టమ్‌లలో ఎక్కువ భాగం అంతకంటే పాతవి. పాతవే కానీ పాడైనవి కావు. ఒక ఎస్ఎస్‌డీ, ఇంకో నాలుగు జీబీ ర్యామ్ వేస్తే లైనక్స్‌లో ఒక రకమైన లైనక్స్ మింట్ మీద ఇంకొన్నేళ్లు శుభ్రంగా నడుస్తాయి. (బీచ్ రోడ్డు, జాలారిపేట వైపు వాళ్లకి మాత్రం ముందు మదర్‌బోర్డు తుప్పు చూసి గానీ ఈ మాట చెప్పను. ఉప్పుగాలికి ఏ సాఫ్ట్‌వేరూ మందు కాదు.)

కాబట్టి ఇక మీదట ఇలాంటి సిస్టమ్ తెస్తే మేం మొదట చెప్పేది లైనక్స్. విండోసే కావాలంటే లైసెన్సు కొని, దాని బిల్లు మీ పేరున ఇచ్చి వేస్తాం. క్రాక్ విండోస్, క్రాక్ ఆఫీస్, అంటే దొంగ కాపీలు, మేం ఎప్పుడూ వేయలేదు. వేరేచోట వేయించుకుని వచ్చిన సిస్టమ్‌లకి మాత్రం సర్వీసు చేస్తూ వచ్చాం. వచ్చే నెల నుంచి వాటికి కొత్తగా ఏఎంసీ (ఏడాది పొడవునా సర్వీసు చేసే ఒప్పందం) ఇవ్వం. దీనివల్ల కొందరు కస్టమర్లు వెళ్లిపోతారని తెలుసు. పక్క వీధిలో కొన్ని వందలకే "ఫుల్ ప్యాక్" వేసిస్తారని వాళ్లు నాకే చెబుతుంటారు.

అలా చెప్పేవాళ్లు ఒక విషయం తెలుసుకోవాలి. కాపీరైట్ చట్టం 1957లో 63బి అనే సెక్షన్ ఉంది. దొంగ కాపీ అని తెలిసి కూడా దాన్ని కంప్యూటర్‌లో వాడితే కనీసం 7 రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. వ్యాపారం కోసం కాకుండా వాడితే కోర్టు జైలు శిక్ష వేయకుండా వదిలేయవచ్చు. షాపులో బిల్లింగ్ కోసం వాడితే ఆ వెసులుబాటు ఉండదు. ఈ శిక్ష దొంగ కాపీ వేసిచ్చినవాడికే కాదు, వాడినవాడికీ. ఆన్‌లైన్‌లో మూడు నాలుగు వందలకి దొరికే లైసెన్సు కీల సంగతీ అంతే. కీ పనిచేసినంత మాత్రాన దాన్ని అమ్మే హక్కు అమ్మినవాడికి ఉన్నట్టు కాదు.

ఇక బిల్లు మాట. మేం ఇచ్చే బిల్లులో లైనక్స్ ధర సున్నా అనే రాస్తున్నాం. డబ్బు తీసుకునేది పాత డేటా జాగ్రత్తగా దించడానికి, ప్రింటర్, స్కానర్ కలపడానికి, తెలుగు కీబోర్డు పెట్టడానికి, మీ స్టాఫ్‌కి నేర్పడానికి, సాయంత్రం రద్దీలో బిల్లు రాకపోతే ఫోన్ ఎత్తడానికి. ఫ్రీ సాఫ్ట్‌వేర్ మీద డబ్బు తీసుకోవడం తప్పేమో అని మొహమాటంగా అడిగినవాళ్లకి లైనక్స్ చరిత్రలోనే జవాబు ఉంది. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో హెల్సింకిలో చదువుకుంటూ మొదటిసారి దీన్ని విడుదల చేసినప్పుడు, ఎవరూ డబ్బుకి అమ్మకూడదని షరతు పెట్టాడు. 1992లో ఆయనే ఆ షరతు తీసేసి జీపీఎల్ అనే లైసెన్సు కిందికి మార్చాడు. జీపీఎల్‌లో అమ్మకానికి అడ్డు లేదు. దాని చుట్టూ వ్యాపారాలు పెరిగింది ఆ తర్వాతే. లైనక్స్‌కి సపోర్టు అమ్మి బతికిన రెడ్ హ్యాట్ కంపెనీని 2019లో ఐబీఎం సుమారు 3,400 కోట్ల డాలర్లకి కొంది.

ఆ లైసెన్సులోనే ఇంకో వాక్యం ఉంది, అదీ చెప్పాలి. ఈ సాఫ్ట్‌వేర్‌కి ఏ గ్యారంటీ లేదని జీపీఎల్ స్పష్టంగా రాసుకుంది. అంటే ఏదైనా ఆగితే అడగడానికి ఎక్కడో ఒక కంపెనీ ఉండదు. మీతో కాగితం రాసుకున్న మేమే ఉంటాం. ఏఎంసీ అంటే అదే.

అసలు ఎక్కువగా చెప్పాల్సింది బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ గురించి. మా కస్టమర్లలో చాలామందికి వేసింది ఈఆర్‌పీనెక్స్ట్ అని మీకు తెలుసు. ముంబైలో ఫ్రాపే అనే కంపెనీ తయారుచేసింది, జీపీఎల్ మూడో వెర్షన్ కింద ఇస్తోంది. తెలుగు బిల్లు ఫార్మాట్, హోల్‌సేల్ రేటు పద్ధతి, అరువు ఖాతా పద్దు లాంటివి దాని మీద మేం కట్టుకున్నవి. మొన్న ఒకాయన అడిగారు: "మా బావమరిది అనకాపల్లిలో బెల్లం షాపుకి ఇదే పెట్టుకుంటానంటున్నాడు. నేను కాపీ ఇవ్వొచ్చా, మీకు డబ్బు కట్టాలా?"

ఇవ్వొచ్చు. నాకు ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. ఇది నా మంచితనం కాదు, లైసెన్సు ఇచ్చిన హక్కు. నేను మీకు సాఫ్ట్‌వేర్ ఇచ్చానంటే దాని సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్లు రాసిన అసలు ప్రోగ్రామ్) కూడా మీకు అందాలి. మీరు దాన్ని వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. వద్దని నేను కాగితం మీద రాయించుకున్నా అది చెల్లదు. నేను చేర్చిన భాగాలకీ అదే వర్తిస్తుంది. బావమరిది గారికి ఇన్‌స్టాల్ చేసిపెట్టమంటే ఆ పనికి చార్జీ ఉంటుంది. లేదా అనకాపల్లిలో ఇంకెవరి చేతనైనా చేయించుకోవచ్చు.

ఇలా అయితే మాకు రావలసిన ఆదాయం కొంత పోతుంది. ప్రతి కౌంటర్‌కీ ఏడాదికోసారి లైసెన్సు డబ్బు వసూలు చేసే షాపులతో పోలిస్తే నాకు మిగిలేది తక్కువ. అయినా నేను ఈ దారి వదలను, ఎందుకంటే రెండో దారి ఎక్కడికి పోతుందో కళ్లారా చూశాను. గాజువాకలో స్పేర్ పార్ట్స్ షాపు ఉన్న ఒకాయన, అంతకుముందు వేరే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవారు. అమ్మినవాళ్లు వ్యాపారం మూసేసి వెళ్లిపోయారు. ఏడాది తిరిగేసరికి రెన్యువల్ కీ లేదు, ప్రోగ్రామ్ తెరుచుకోదు. డేటా ఆయన హార్డ్ డిస్క్‌లోనే ఉంది, దాని పాస్‌వర్డ్ మాత్రం ఆయన దగ్గర లేదు. వేల రకాల ఐటమ్‌ల పేర్లు, రేట్లు, ఎవరెంత బాకీ ఉన్నారో అన్నీ పాత బిల్లు కాగితాలు చూసి మళ్లీ కొట్టుకున్నారు. దొరకని బాకీలు దొరకలేదు. డబ్బు పెట్టి కొన్న మనిషి తన లెక్క తాను చూసుకోలేకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. రేపు మా షాపు ఉన్నా లేకపోయినా, మీకు మా మీద కోపం వచ్చి మానేసినా, మీ లెక్కలు మీకు తెరుచుకోవాలి. కోడ్, డేటాబేస్ పాస్‌వర్డ్, బ్యాకప్ తీసే విధానం ఈ నెలాఖరులోగా ప్రతి కస్టమర్‌కీ పెన్‌డ్రైవ్‌లో, కాగితం మీద ఇస్తాం.

"ఇవాళ ఫ్రీ అంటారు, రేపు సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్లే లైసెన్సు మారిస్తే?" అని డాబాగార్డెన్స్ నుంచి వచ్చిన కుర్రాడు అడిగాడు. అలా జరిగింది కూడా. 2023 ఆగస్టులో హాషీకార్ప్, 2024 మార్చిలో రెడిస్ అనే కంపెనీలు తమ సాఫ్ట్‌వేర్ లైసెన్సులను బిగించాయి. కానీ అంతకుముందు ఇచ్చిన వెర్షన్లని వెనక్కి తీసుకోలేకపోయాయి. వాటి మీదే వేరేవాళ్లు ఓపెన్‌టోఫు, వాల్కీ మొదలుపెట్టారు, అవి లైనక్స్ ఫౌండేషన్ అనే సంస్థ నీడలో నడుస్తున్నాయి. లైనక్స్‌కి గుండెకాయ లాంటి భాగమైన కెర్నల్ విషయంలో ఆ భయం ఇంకా తక్కువ. దాని కాపీరైట్ ఒక కంపెనీ చేతిలో లేదు, రాసిన వేలమంది దగ్గర ఉంది. అందరూ ఒప్పుకుంటే తప్ప మారదు. 2007లో జీపీఎల్ మూడో వెర్షన్ వచ్చినా కెర్నల్ రెండో వెర్షన్‌లోనే ఉండిపోయింది. ఈఆర్‌పీనెక్స్ట్ వెనుక ప్రధానంగా ఒక కంపెనీ ఉంది కాబట్టి దాన్ని గమనిస్తూ ఉండాలి. అయితే ఇప్పుడు మీ దగ్గరున్న వెర్షన్ మీకు జీపీఎల్ కింద వచ్చింది, అది మీదే.

పేటెంట్ల గురించీ ఒకరిద్దరు టెన్షన్ పడ్డారు. 2007లో లైనక్స్, ఇతర ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ కలిపి తమ పేటెంట్లు 235 ఉల్లంఘిస్తున్నాయని మైక్రోసాఫ్ట్ అన్న మాట నిజమే. అదే మైక్రోసాఫ్ట్ 2018లో ఓపెన్ ఇన్వెన్షన్ నెట్‌వర్క్‌లో చేరింది. లైనక్స్ విషయంలో ఒకరి మీద ఒకరు పేటెంటు కేసులు వేసుకోబోమని కంపెనీలు ఒప్పందం చేసుకున్న సంస్థ అది, 2005లో పుట్టింది. మైక్రోసాఫ్ట్ చేరినప్పుడు 60,000 పైగా పేటెంట్లు దాని కిందికి వచ్చాయి. ఫొటో స్టూడియోల వాళ్లకి దీని ఫలితం రోజూ కనిపిస్తుంది. పెద్ద కెమెరా కార్డుల్లో ఫైళ్లు దాచడానికి వాడే ఎక్స్‌ఫ్యాట్ పద్ధతి వివరాలను 2019లో మైక్రోసాఫ్ట్ బయటపెట్టాక, అదే ఏడాది లైనక్స్ కెర్నల్ 5.4లో అది చేరింది. ఇప్పుడు కార్డు పెడితే నేరుగా తెరుచుకుంటుంది.

మన దేశంలో పేటెంట్ల చట్టం 1970, సెక్షన్ 3(కె) ప్రకారం ఉత్త కంప్యూటర్ ప్రోగ్రామ్‌కి పేటెంటు లేదు. 2004 చివర్లో ఆర్డినెన్స్ తెచ్చి దీన్ని సడలించబోతే 2005లో పార్లమెంటు ఆ మార్పు తీసేసింది. తలుపు పూర్తిగా మూసుకోలేదు. సాంకేతిక ప్రయోజనం చూపిస్తే పరిశీలించాల్సిందేనని 2019లో ఫెరిద్ అలాని కేసులో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. నా మటుకు ఆ సెక్షన్ ఉన్నది ఉన్నట్టు ఉండాలి. కోడ్ రాసే చిన్నవాళ్లకి కాపీరైట్ రక్షణ చాలు. ప్రతి బటన్ వెనుకా పేటెంటు వెతుక్కోవాలంటే మాలాంటి షాపులు బతకవు. ఈ పేటెంట్ల వల్లే కొన్ని లైనక్స్‌లలో వీడియోలకి కావలసిన కోడెక్‌లు ముందుగా ఉండవు, విడిగా వేయాలి. మింట్ వేసేటప్పుడు ఆ ఆప్షన్ మేమే పెట్టి ఇస్తున్నాం.

లైనక్స్ వద్దని నేనే చెప్పే కస్టమర్లు కూడా ఉన్నారు. టాలీ మీద ఆధారపడ్డవాళ్లు విండోస్‌లోనే ఉండండి. శుభలేఖలు, కరపత్రాలు వేసే డీటీపీ వాళ్లు కూడా. అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో ఏళ్ల తరబడి దాచుకున్న ఫైళ్లు లైనక్స్‌లో తెరుచుకోవు. కొత్త పని యూనికోడ్‌లో చేద్దామనుకునేవాళ్లకి మాత్రం రామభద్ర, మండలి, ధూర్జటి లాంటి మంచి తెలుగు ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్స్‌తో ఉన్నాయి, ప్రెస్‌లో ధైర్యంగా వాడుకోవచ్చు. జీఎస్టీ రిటర్న్ బ్రౌజర్‌లోనే వేయవచ్చు. సొంత షాపులకి ఓటీపీ సరిపోతుంది. కంపెనీలు, ఎల్ఎల్‌పీలకి డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ తప్పనిసరి కాబట్టి ఆ పనికి ఒక విండోస్ సిస్టమ్ ఉంచుకోండి, లేదా ఆడిటర్ దగ్గరే చేయించండి.

ఎక్కువగా ఏడిపించేది ప్రింటర్. డ్రైవర్ కోడ్ కంపెనీ బయటపెట్టకపోతే మా చేతిలో ఏమీ ఉండదు. అమెరికాలో ఎంఐటీ ల్యాబ్‌లో పనిచేసే రిచర్డ్ స్టాల్‌మన్‌కి జిరాక్స్ ప్రింటర్ సోర్స్ కోడ్ ఇవ్వననడం, 1983లో ఆయన ఫ్రీ సాఫ్ట్‌వేర్ కోసం గ్నూ ప్రాజెక్టు ప్రకటించడానికి ఒక కారణం. మన షాపుల్లో ఇప్పటికీ అదే గొడవ. అందుకే సిస్టమ్ ఒక్కటే తేకుండా ప్రింటర్ మోడల్ నంబర్ కూడా రాసుకుని రండి. పనిచేయదని తేలితే లైనక్స్‌కి మారమని చెప్పం, చూసినందుకు డబ్బూ తీసుకోం.

వచ్చే నెల 1 నుంచి లైనక్స్ సిస్టమ్‌కి ఏఎంసీ ఏడాదికి 2,400 రూపాయలు, విండోస్‌కి 3,000. ఇప్పటికే ఏఎంసీ ఉన్నవాళ్లకి గడువు తీరేదాకా పాత రేటే. క్రాక్ ఉన్న సిస్టమ్‌లకి కూడా మీరు కట్టిన గడువు వరకు సర్వీసు ఇస్తాం, ఆ లోపు ఎటు వెళ్లాలో కూర్చుని మాట్లాడుకుందాం. ఆదివారం తప్ప రోజూ ఉదయం పదిన్నరకి షాపు తీస్తాం. డేటా దించే పని ఉంటే శనివారం సాయంత్రం సిస్టమ్ ఇచ్చి వెళ్లండి, సోమవారం మీరు షాపు తెరిచే వేళకి చేరుస్తాం.