ఇన్సులిన్ పంపు ఎప్పుడో నువ్వే చెప్పు

అమ్ములూ,

మొన్న రాత్రి, సూదుల బదులు ఒంటికి పెట్టుకునే ఇన్సులిన్ పంపు మాటెత్తగానే నువ్వు భోజనం మధ్యలోనే లేచి వెళ్ళిపోయావు. నేనూ గట్టిగానే అరిచాను. ఎదురుగా కూర్చుంటే మళ్ళీ అదే గొడవ అవుతుందని రాస్తున్నాను.

పంపు పెట్టిస్తే నీకు హాయి అని ఇన్నాళ్ళూ అన్నాను కానీ, అందులో సగం నా నిద్ర కోసమే. నాలుగేళ్ళుగా రాత్రి రెండింటికి లేచి నీ షుగర్ చూడడం, పడిపోతే నిద్రమత్తులోనే నీ చేత జ్యూస్ తాగించడం, పావుగంట ఆగి మళ్ళీ చూడడం. అంత అలసటలో ఉన్నప్పుడు "పిల్లకి మంచిది" అనే మాట తేలిగ్గా వచ్చేస్తుంది.

సూదుల లెక్క కూడా ఎన్నోసార్లు అప్పజెప్పాను. రోజుకి నాలుగు, ఏడాదికి 1,460. పంపైతే మూడు రోజులకో గుచ్చు, ఏడాదికి 120 చిల్లర. దానికి నువ్వు, "సూది పది సెకన్లే అమ్మా, తర్వాత మర్చిపోతాను. పంపు రోజంతా ఒంటి మీదే ఉంటుంది" అన్నావు. జవాబు తోచకే అరిచాను.

నీకు చెప్పకుండా ఒక పని చేశాను. నర్సుని అడిగి, ఇన్సులిన్ బదులు సెలైన్ నింపిన పంపు మూడు రోజులు నేను పెట్టుకున్నాను. గుచ్చినప్పుడు పెద్ద నొప్పి లేదు. మొదటిరోజే ట్యూబు తలుపు గడియకి తగులుకుని పొట్ట చురుక్కుమంది. రాత్రి ఏ పక్కకి తిరగాలో తెలియలేదు. మూడో రోజుకి మాత్రం అది ఉందన్న సంగతే చాలాసేపు మర్చిపోయాను. (1960లలో తొలి పంపు వీపున మోసే సంచంత ఉండేదట. మీ నాన్న ఈ ముక్క చెప్పి నన్ను ఓదార్చారు.)

మంచీ ఉంది. మన ఇన్సులిన్ పెన్నుతో అర యూనిట్ కంటే తక్కువ వేయలేం, పంపు అందులో పదో వంతు కూడా ఇవ్వగలదు. తెల్లవారుజామున నీ షుగర్ పెరిగే వేళకి కాస్త ఎక్కువ, ఆటలప్పుడు తక్కువ వెళ్ళేలా పెట్టుకోవచ్చు. రోజంతా నెమ్మదిగా పనిచేసే లాంగ్ యాక్టింగ్ ఇన్సులిన్‌ని ఒకసారి వేశాక వెనక్కి తీయలేం కదా. షుగర్ కొలిచే సెన్సార్‌తో కలిసి తమంతట తామే సర్దుకునే పంపులూ ఉన్నాయి, అయినా తినేముందు తిండిలోని పిండిపదార్థాల (కార్బ్) లెక్క మనమే చెప్పాలి.

నా భయం వేరే. పంపులో ఆ లాంగ్ యాక్టింగ్ ఉండదు. ట్యూబు మడతపడినా, ఊడినా కొన్ని గంటల్లోనే కీటోన్లు (ఇన్సులిన్ అందక ఒంట్లో పేరుకునే ఆమ్లాలు) మొదలవుతాయి. అప్పుడు నేను పక్కన ఉండకపోవచ్చు. షుగర్ ఎందుకు దిగడం లేదని నీకే అనుమానం రావాలి, కీటోన్లు చూసుకుని, పెన్నుతో వేసుకుని, వెంటనే నాకు ఫోన్ చేయాలి. పంపు వచ్చినా పెన్ను నీ బ్యాగులో ఉండాల్సిందే.

పోయిన నెల రెండు డోసులు మానేసి, వేసుకున్నానని చెప్పావు. నాకు తెలుసు. మీటరు మీద 300 కనబడగానే "ఏం తిన్నావ్?" అని నేను ఎగబడడం వల్లే దాచావని కూడా తెలుసు. నీ వయసూ, రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బిఎ1సి చూసి "ఇప్పుడే పెట్టిద్దాం" అన్నాను గానీ, నిజం చెబితే తిట్టని అమ్మ నీకుందో లేదో చూసుకోలేదు. ఆ ప్రశ్న ఇవాళ్టి నుంచి మానేస్తున్నాను. మర్చిపోయి అడిగితే గుర్తు చెయ్యి.

తొందరేం లేదని డాక్టరూ అన్నారు. నీకంటే చిన్నపిల్లలూ పంపు పెట్టుకుంటున్నారు, పెద్దయ్యాక కూడా సూదులతోనే బాగున్నవాళ్ళూ ఉన్నారు. గురువారం ఆయనతో నువ్వే మాట్లాడు, నేను బయట కూర్చుంటాను. సెలైన్ పంపు కావాలంటే నీకూ కొన్నాళ్ళు ఇస్తారు. వద్దంటే వద్దు, మళ్ళీ ఎప్పుడు అడగాలో చెప్పు చాలు.

నా పొట్ట మీద గుచ్చిన చోట చిన్న మచ్చ ఉంది. చూడాలనుంటే రా, చూపిస్తాను.

అమ్మ