కాలర్ పట్టీ మీద ఊరు పేరు

సంపాదకుడు గారికి నమస్కారం.

మొన్న నల్గొండలో మా అబ్బాయికి టీషర్ట్ కొంటే కాలర్ లోపలి పట్టీ మీద 'మేడిన్ బంగ్లాదేశ్' అని ఉంది. పత్తి పండించేది మనం, కుట్టేది వాళ్లా నాన్నా అని వాడు అడిగాడు. కూలి తక్కువ కాబట్టి అంటారు అందరూ, నిజమే, కానీ అంతే కాదు. 1974 నుంచి ధనిక దేశాలకు ఏ దేశం ఎన్ని బట్టల దాకా పంపొచ్చో కోటాలు ఉండేవి, దాంతో కొరియా కంపెనీలు కోటా తగలని బంగ్లాదేశ్ వైపు చూశాయి, 1979లో అక్కడి నుంచి 130 మంది దాకా కొరియా వెళ్లి పని నేర్చుకొచ్చారు. 2005లో కోటాలు పోయాయి, నేర్చిన చేతులు మిగిలాయి, పైగా యూరప్‌లో వాళ్లకు సుంకం లేదు.

ఆ చేతులే ఎందుకంటే, బట్ట మెత్తన, జారిపోతుంది. అందుకే చంక దగ్గర కుట్టు తిరిగేచోట ఇప్పటికీ మనిషే రెండు చేతులతో సర్ది సూది కిందికి తోయాలి.

2013 ఏప్రిల్ 24న ఢాకా పక్కన బట్టలు కుట్టే ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. ముందురోజే గోడలు పగుళ్లిచ్చినా పనివాళ్లను లోపలికి పంపారు. ఆ సంగతి తెలిశాక చవక చొక్కా చూస్తే మనసు కలుక్కుమంటుంది.

మన పత్తి జిన్నింగ్ మిల్లు దాటగానే బేళ్లుగా లారీ ఎక్కిపోతోంది. మిషన్ కుట్టడం వచ్చిన ఆడవాళ్లు మా ఊళ్లోనే ఎంతమందో ఉన్నారు. మండలానికి ఒక కుట్టు యూనిట్, గట్టి బిల్డింగు, సరైన కూలితో పెట్టండని మీ పేపర్ ద్వారా ప్రభుత్వాన్ని అడుగుతున్నాను.

– ఒక పత్తి రైతు, చండూరు, నల్గొండ జిల్లా