పేపర్ కటింగ్ ఫొటోలు ఇచ్చినవాళ్లకు ఒక మాట

పాత పేపర్లో పడిన ఫొటోలు బాగుచేయమని మా కావలి స్టూడియోలో ఇచ్చి ఎదురుచూస్తున్న అందరికీ నమస్కారం. ఆలస్యం ఎందుకవుతోందో దాచకుండా చెబుతాను.

పోయిన నెల ఒకామె వాళ్లమ్మ ఫొటో తెచ్చింది. 1992లో కలిగిరి మండలం దూబగుంట నుంచి లేచిన సారా ఉద్యమం రోజుల నాటిది. సారా కొట్టు ముందు బైఠాయించిన ఆడవాళ్లలో చివరన కూర్చున్నావిడ. బతికుండగా విడిగా ఒక్క ఫొటో కూడా దిగలేదట. సంవత్సరీకం నాలుగు రోజుల్లో ఉంది. ఆ టెన్షన్‌లో నేను, ముఖాన్ని దానంతటదే స్పష్టం చేసే ఏఐ యాప్‌లో పెట్టేశాను. కళ్లు, రెప్పలు, పెదాలు అన్నీ వచ్చాయి. పటం చూసి ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి "బాగుందన్నా, కానీ ఈమె మా అమ్మ కాదు" అంది.

నిజమే. పేపర్ ఫొటో అంటే ఉత్త చుక్కలు. నీడ ఉన్నచోట పెద్దవి, వెలుగున్నచోట చిన్నవి. పాత దినపత్రికల్లో అంగుళానికి 65 నుంచి 85 వరుసలే ఉండేవి. అర అంగుళం ముఖానికి అడ్డంగా ముప్పై, నలభై చుక్కలు. కన్నుకు ఆరేడు. మిగతాదంతా ఆ యాప్ ఎవరెవరి ముఖాలో చూసి నేర్చుకున్నదే. ముక్కు పక్కన చుక్క పడని తెల్లటి చోటు ఒకటుంది. అది వాళ్లమ్మ ముక్కుపుడక. యాప్ దాన్ని మరక అనుకుని చెరిపేసింది. నేనూ గమనించలేదు.

డబ్బు తిరిగిచ్చి మొదటి నుంచీ చేశాను. వెనక పేజీ అక్షరాలు కనపడకుండా కటింగ్ కింద నల్ల కాగితం పెట్టి 1200 డీపీఐలో, అంటే అంగుళాన్ని 1200 భాగాలుగా చదివేలా, స్కాన్ చేశాను. పసుపు రంగు తగ్గడానికి ఫొటోషాప్‌లో రెడ్ ఛానెల్, అంటే స్కాన్‌లోని ఎరుపు భాగం, ఒక్కటే తీసుకున్నాను. చుక్కలు ఒకదాంట్లో ఒకటి కలిసేంతవరకే బ్లర్ ఇచ్చి, సైజు తగ్గించి, మడతల గీతలు చేత్తో పూడ్చాను. మూడు రోజులు పట్టింది. ముఖం కొంచెం మసకగానే ఉంది, కానీ ముక్కుపుడక ఉంది. ఈసారి ఆమె అమ్మను గుర్తుపట్టింది. సంవత్సరీకం మాత్రం పటం లేకుండానే జరిగిపోయింది. ఆ బాధ నాకు ఇంకా ఉంది.

అందుకే ఇక ముఖాలకు ఆ యాప్ వాడను. రేటు 300 నుంచి 500 చేస్తున్నాను, ఒక్కో ఫొటోకు వారం టైమ్ కావాలి. చిన్న కటింగును గోడంత ఫ్లెక్సీ చేయమంటే చేయలేను, అందులో అంత ముఖం లేదు.

వాట్సాప్‌లో తీసి పంపకండి, పేపరే తీసుకురండి. చుక్కల మీద ఫోన్ ఫొటో తీస్తే గళ్లు గళ్లుగా అలలు పడతాయి, అవి పోవు. లామినేషన్ అసలు చేయించకండి. రేషన్ కార్డో, పెళ్లి గ్రూప్ ఫొటోనో, ఆ మనిషి మూలన ఎక్కడో కనిపించినా సరే, వెంట తెండి. పుట్టుమచ్చ ఏ పక్కనుందో తెలిసిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లూ వస్తే మరీ మంచిది, పక్కన కుర్చీ వేస్తాను.

ఈ ఏడాది నా దగ్గర పటం కట్టించుకున్నవాళ్లకు ముఖంలో ఏదైనా తేడాగా అనిపిస్తే తిరిగి తీసుకురండి. కటింగ్ స్కాన్లన్నీ దాచాను, డబ్బు తీసుకోకుండా మళ్లీ చేసిస్తాను.