ఆ ఫారం ఒక్కసారి ఫోన్లో నింపి చూడండి

సంపాదకులకు నమస్కారం.

మా మండల కేంద్రంలో బస్టాండు పక్కన పదకొండేళ్లుగా ఇంటర్నెట్ సెంటర్ నడుపుతున్నాను. స్కాలర్‌షిప్, పింఛను, పరీక్ష ఫీజు, ప్రభుత్వ సైట్లలో నింపే ఏ దరఖాస్తుకైనా గడువు దగ్గర పడిందంటే మా బెంచీ నిండిపోతుంది. వచ్చేవాళ్లలో చాలామంది దగ్గర స్మార్ట్‌ఫోన్ ఉంది. ఫోన్‌పేలో డబ్బులు పంపుతారు, దూరాన ఉన్న మనవడితో వీడియో కాల్ మాట్లాడతారు. అలాంటివాళ్లు ఒక ఫారం కోసం పని మానుకుని బస్సెక్కి వస్తున్నారంటే తప్పు వాళ్ల చదువుది కాదు. ఈ ఇబ్బంది మీదే నా షాపు నడుస్తోంది, అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను.

మొన్న ఒక పెద్దాయన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చారు. ఇంటి దగ్గర ఫోన్లో మూడుసార్లు ప్రయత్నించి, మూడుసార్లూ పుట్టిన తేదీ దగ్గరే ఆగిపోయారట. అక్కడ అంకెలు కొట్టనివ్వదు. క్యాలెండర్ తెరుచుకుని ఈ నెల చూపిస్తుంది. ఆయన పుట్టింది 1957లో. ఒక్కో నెలా వెనక్కి నొక్కుకుంటూ పోతే ఎనిమిది వందల సార్లకు పైనే నొక్కాలి. పైనున్న సంవత్సరం మీద నొక్కితే జాబితా వస్తుందని నాకు తెలుసు, ఆయనకెవరు చెప్పాలి? బ్రిటన్ ప్రభుత్వ సైట్లో పుట్టిన తేదీకి రోజు, నెల, సంవత్సరం అని మూడు ఖాళీ గడులు ఉంటాయి. అలా ఉంటే ఆయనే నిమిషంలో నింపుకునేవారు.

తర్వాత పేరు. మనకు ఇంటిపేరు ముందొస్తుంది, ఫారమేమో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అడుగుతుంది. ఇనీషియల్ పక్కన చుక్క పెడితే ‘ఇన్‌వాలిడ్’ అని ఎర్ర అక్షరాలు. తప్పు చుక్కదని ఎక్కడా చెప్పదు. ‘తెలుగు’ బటన్ నొక్కితే పైన మెనూ ఒక్కటే మారుతుంది, తప్పులు చెప్పే మాటలు ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. కొన్నిచోట్ల ఓటీపీని కూడా ఎవరూ వాడని మాటలోకి మార్చేస్తారు. ఓటీపీ అంటే మా ఊళ్లో ముసలమ్మలకూ తెలుసు.

అన్నిటికన్నా బాధపెట్టేది సెషన్ గడువు, అంటే ఫారం నింపడానికి సైట్ ఇచ్చే సమయం. ఆఖరి తేదీ రాత్రి ఒక ఇంటర్ అమ్మాయి నా పక్కనే కూర్చుని నాలుగు పేజీలు నింపించింది. ఓటీపీ ఆలస్యమైంది. వచ్చేసరికి ‘సెషన్ ఎక్స్‌పైర్డ్’. నింపిందంతా పోయింది. ‘అన్నా, మళ్లీ మొదటినుంచేనా?’ అంటూ ఏడుపు ఆపుకుంది. ఆ టెన్షన్ ఆ పిల్లకెందుకు? సమయం అయిపోయే ముందు హెచ్చరించి, ఒక్క బటన్‌తో పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వడం అనే మార్గాన్ని వెబ్‌సైట్లు అందరూ వాడుకునేలా ఉండాలని చెప్పే డబ్ల్యూసీఏజీ అనే అంతర్జాతీయ ప్రమాణాలు 2008లోనే చూపించాయి. మన ప్రభుత్వ వెబ్‌సైట్లకూ 2009 నుంచి మార్గదర్శకాలున్నాయి, 2018లోనూ 2023లోనూ వాటిని సవరించారు. కాగితం మీద లోటేమీ లేదు.

చూపులేనివారి కష్టం ఇంకా పెద్దది. బొమ్మలో వంకర అక్షరాలు చదివి కొట్టమంటే వాళ్లేం చేస్తారు? ఆన్‌లైన్‌లో మనిషిని గుర్తించే ఈ-కేవైసీలో కళ్లు ఆర్పమంటే ఆర్పలేని యాసిడ్ దాడి బాధితులు సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని కోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు చెప్పింది.

అధికారులకు నా విన్నపం ఒక్కటే. సైట్ తయారుచేసిన కంపెనీకి బిల్లు చెల్లించే ముందు ఐదుగురు మామూలు మనుషుల్ని కూర్చోబెట్టి, వాళ్ల ఫోన్లలోనే ఆ ఫారం నింపమనండి. పక్కన ఉండి ఏమీ చెప్పకుండా చూడండి. ఐదుగురితోనే చాలా లోపాలు బయటపడతాయని వెబ్‌సైట్లు వాడటం ఎంత సులువో పరీక్షించే రంగంలో పేరున్న జేకబ్ నీల్సన్ 2000లోనే రాశారు. వచ్చే స్కాలర్‌షిప్ దరఖాస్తులు మొదలయ్యేలోపు పుట్టిన తేదీ గడి, సెషన్ గడువు, ఈ రెండైనా సరిచేయండి. నింపి చూపించే మనుషులు కావాలంటే మా సెంటర్‌కు రండి. పొద్దున పదింటికల్లా బెంచీ మీద ఉంటారు.

— ఇంటర్నెట్ సెంటర్ నిర్వాహకుడు,
నిజామాబాద్ జిల్లా